సూటు లేని దొంగ

ఆ కుక్కల బడిలో అతని అసలు పేరుతో ఎవరికీ పనిపడలేదు. అందరికీ అతను దొంగే. "దొంగకి టీ ఇచ్చారా?" "దొంగ ఇవాళ రాలేదేం?" అనుకునేవాళ్ళు. జీతమిచ్చే సారూ అలాగే పిలిచేవాడు, ఇంటి పక్కవాళ్ళూ అలాగే పిలిచేవాళ్ళు. చివరికి కట్టుకున్న పెళ్ళాం కూడా, కొత్తవాళ్ళెవరైనా ఇంటికొస్తే, "మా ఆయన దొంగండీ, ఇందులో బాగా పేరుంది" అని సూటిగా చెప్పేసి వాళ్ళు నోళ్ళు వెళ్ళబెడుతుంటే లోపలికెళ్ళి నవ్వుకునేది.

అతని పని కరిపించుకోవడం. నమ్మరు గానీ అలాంటి ఉద్యోగం ఉంది. గోదాములకీ ఫ్యాక్టరీలకీ కాపలా కుక్కల్ని తయారుచేసే చోట, వాటికి దొంగని పట్టడం నేర్పాలంటే ముందు ఒక దొంగ కావాలి కదా! లోపల తోలు, మధ్యలో దూది, పైన దళసరి గోనె వేసి కుట్టిన సూటు తొడుక్కుని, ఇనపరాడ్డు తిప్పుతూ, బూతులు తిడుతూ ఆవరణలోకి దూకాలి. "పట్టు" అనే కేక వినబడగానే కుక్క గాల్లోకి లేస్తుంది. మీద పడి, కింద పడేసి, మట్టిలో బరబరా ఈడ్చేస్తుంది. ఇక చాలనుకున్నప్పుడు రెండు చేతులూ వేలాడేసి కొయ్యబారి నిలబడితే వదిలేస్తుంది. అలా వదలడం కూడా అతను నేర్పిందే. లేకపోతే ఏదో ఒక రోజు మనిషి ప్రాణమే పోతుంది.

సూటుందని పళ్ళు ఊరుకుంటాయా! అతని ఎడమచెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా గుంటలే. కుడి చెవి తమ్మె ఒక కుక్క నోట్లో పోయింది. "పెళ్ళిచూపులనాడు చెవులు రెండూ సరిగ్గానే ఉన్నాయి, చూసుకునే చేసుకున్నాను" అనేది పెళ్ళాం. సూటు కుట్టేదీ, చిరిగినచోట కొత్త గోనె వేసేదీ ఆమే. దబ్బనం దిగక చేతులు నొప్పిపెడితే ఆ కుక్కల్నీ, వాటి సారునీ, తన మొగుణ్ణీ ఒకే ఊపులో తిట్టిపోసేది.

మనిషి మహా కోపిష్టి. కానీ ఆ కోపమంతా ఆవరణలో కుక్కలతో కలబడి తీర్చుకుని, ఇంటికి మాత్రం మెత్తగా వచ్చేవాడు. కుక్కలన్నిట్లోకీ పిడుగు అనేదంటే అతనికి ప్రాణం. నల్లటి ఒళ్ళు, వెడల్పాటి దవడ. పాలపళ్ళప్పటి నుంచీ దానికి తన చేతినే అందించి పెంచాడు. సూటు కనబడిందంటే దానికి పూనకమే. కొనడానికి వచ్చినవాళ్ళు అది చూసి వణికిపోయేవాళ్ళు. సారుకి కావలసిందీ అదే. చివరికి దాన్నొక బట్టల గోదాముకి అమ్మేశారు. అక్కడ వాచ్‌మన్ ఎవరనుకున్నారు? దొంగ బామ్మర్దే. "మన ఇంటి పిల్లని మన ఇంటికే ఇచ్చుకున్నట్టయింది" అని దొంగ సంబరపడిపోయాడు.

ఈలోగా, నిరుడు, అతని మెడమీద గడ్డలు లేచాయి. పిచ్చిమారాజు, కుక్కకాటు వాపే అనుకుని పసుపు పట్టించుకుంటూ కూర్చున్నాడు. ఒళ్ళు సగమయ్యాక గానీ ఆసుపత్రికి పోలేదు. డాక్టరమ్మ చూసి, ముక్క తీయించి, లింఫోమా అనే క్యాన్సరంది. మందులు ఎక్కించారు. గడ్డలు కరిగిపోయాయి. అతను మళ్ళీ సూటెక్కి, కుక్కలతో పొర్లాడి, అంతా అయిపోయిందనుకున్నాడు. మెడ మళ్ళీ బరువెక్కిందని పెళ్ళాం గొంతుచించుకుంటే తప్ప రెండోసారి పరీక్షలకి కదల్లేదు.

ఆ పరీక్షల ఫలితం రావాల్సిన వారంలోనే గోదాములో ఘోరం జరిగింది.

సెలవురోజు, పట్టపగలు. ముగ్గురు మనుషులు గోడ దూకారు. మామూలు చొక్కాలు, మామూలు ప్యాంట్లు. బామ్మర్ది అడ్డం వెళితే మొదటివాడు రాడ్డుతో మోకాలి మీద కొట్టాడు. అతను కూలబడుతూ "పిడుగూ, పట్టు!" అని అరిచాడు. రెండోవాడు జుట్టు పట్టుకుని తల సిమెంటు మెట్టుకేసి బాదాడు. మళ్ళీ బాదాడు. మూడోవాడు కడుపులో తన్నాడు. నోట్లోంచి రక్తం ఉమ్ముతూనే అతను "పట్టు, పట్టు" అంటున్నాడు. ఇదంతా గోదాము కెమెరాలో పడింది.

కెమెరాలో పిడుగూ ఉంది. కేక వినగానే బాణంలా దూసుకొచ్చింది. ఆ ముగ్గురినీ దాటిపోయింది. మూలనున్న, గోనె చుట్టిన బట్టల బేలు మీద పడి, దాన్ని కసకసా చీల్చి, తల విదిలిస్తూ ఈడ్చింది. వెనకాల మనిషి బుర్ర పగులుతుంటే అది గోనెని చంపుతోంది. మళ్ళీ కేక వినబడి వెనక్కొచ్చింది. మూడోవాడు భయంతో బిగుసుకుపోయి, చేతులు వేలాడేసి నిలబడిపోయాడు. పిడుగు వాడి దగ్గరికొచ్చి వాసన చూసింది. కాసేపు చూసి పక్కకి తిరిగి వెళ్ళిపోయింది.

ఫోనులో ఆ వీడియో చూసి దొంగ పళ్ళు పటపట కొరికాడు. గోడకేసి గుద్దితే పిడికిలి చిట్లింది. పెళ్ళాం మాత్రం ఏడవలేదు. తమ్ముడి తలకున్న కట్టు మీద చెయ్యివేసి, "ఆ కుక్కని చంపెయ్యాలి" అంది. గోదాము యజమానిదీ అదే మాట. కుక్కని బడికి తిప్పి పంపి, పరువు పోయిందని సారు మీద విరుచుకుపడ్డాడు. సారు తలూపాడు. ఆదివారం పశువుల డాక్టరు సూది తెచ్చేట్టు మాటైపోయింది. పిరికి కుక్క, పిచ్చి కుక్క, ఎవరి నోటికొచ్చినట్టు వాళ్ళు అన్నారు. దాని గుండె ఎలాంటిదో దొంగకి తెలుసు, కానీ వీడియోలో కనబడేది కాదనడం ఎలా?

ఆ మంటతోనే డాక్టరమ్మ ముందు కూర్చున్నాడు.

"మళ్ళీ వచ్చిందండీ. ఛాతీలో కూడా పెరుగుతోంది" అందామె.

"పోయినసారి కరిగిపోయిందన్నారు కదమ్మా!"

"కరిగింది. అప్పుడే అంతా చెప్పాను, మీరు గోడమీద గడియారం చూస్తూ కూర్చున్నారు."

"ఇప్పుడు వింటాను. చెప్పండి."

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఒంట్లో కాపలా కణాలుంటాయి. బయటినుంచి ఏ జబ్బు పురుగు వచ్చినా మీదపడి చంపుతాయి. ఇది బయటి పురుగు కాదు. ఆ కాపలావాటిలోనే ఒకటి చెడిపోయి, తనలాంటివాటిని పుట్టించుకుంటూ పోయింది. మిగతావాటికి అది సొంతమనిషిలాగే ఉంటుంది."

"అంటే మా కుక్కల్లోనే ఒకదానికి పిచ్చెక్కింది."

"అలాగే అనుకోండి. మామూలుగా ప్రతి కణమూ తన లోపలి సరుకు కొంచెం కొంచెం బయటపెట్టి చూపిస్తుంది. కాపలావి తిరుగుతూ చూసిపోతాయి. ఈ దొంగకణాలు చాలావరకు ఆ చూపించడమే మానేస్తాయి. అందుకని మనం పోయినసారి ఇచ్చిన మందు వాటి ఒంటిమీదున్న ఒక గుర్తును పట్టుకునేది. గుర్తు దొరికితే దానికి అతుక్కుని కాపలావాటిని పిలిచేది. గుర్తున్నవన్నీ చచ్చాయి. కొన్ని ఆ గుర్తు వదిలించుకున్నాయి. మిగిలినవి అవే. ఇప్పుడు పెరిగేవీ అవే."

అతను ముందుకి వంగాడు. "గుర్తు లేకపోతే పట్టుకోదా? ఎదురుగానే నిలబడి కొంప ముంచుతున్నా?"

"పట్టుకోదు. ఆ మందుకి తెలిసిందల్లా ఆ గుర్తొక్కటే. ఇంకో ఎత్తు కూడా ఉంది వాటి దగ్గర. కాపలా కణం అనుమానంతో దగ్గరికొస్తే, దాని మీదున్న ఒక మీట నొక్కుతాయి. అది చల్లబడి వెళ్ళిపోతుంది. ఆ మీట చెడ్డదేం కాదు. అది లేకపోతే కాపలావి మన ఒంటినే కొరుక్కు తినేస్తాయి. మన మంచికి ఉన్న ఏర్పాటునే అవి వాడుకుంటున్నాయి."

దొంగ బల్లమీద ఒక్క గుద్దు గుద్దాడు. గ్లాసు ఎగిరి కిందపడి పగిలింది.

"గోనె!" అని అరిచాడు. "అమ్మా, అది గోనెని కరిచింది! దానికి దొంగంటే గోనె! నేనే నేర్పాను. ఒక్కరోజు కూడా మామూలు చొక్కాతో దాని ముందుకి పోలేదు. చేతులు వేలాడేస్తే వదిలెయ్యమనీ నేనే నేర్పాను. దాని తప్పేముంది? నా బుద్ధి గడ్డి తింది!"

డాక్టరమ్మకి సగమే అర్థమైంది. అరుపులు తగ్గేదాకా ఆగి, కొత్త మందు ఆ మీట నొక్కనివ్వకుండా అడ్డం పడుతుందనీ, పనిచేస్తుందని ఒట్టు మాత్రం పెట్టలేననీ చెప్పింది. "సోమవారం మొదలెడదాం. ఈలోపు కుక్కల దగ్గరికి పోవద్దు. మీ రక్తంలో బలం లేదు. గోరు గీసుకున్నా ప్రాణం మీదికొస్తుంది. వింటున్నారా?"

"విన్నానమ్మా" అన్నాడు. విన్న మాట నిజమే. వినడానికీ చెయ్యడానికీ మధ్య చాలా దూరం ఉంటుంది.

ఆసుపత్రి నుంచి నేరుగా సారు దగ్గరికెళ్ళాడు. "సూటు లేని మనిషిని పట్టిస్తాను. పడితే బతకనివ్వండి" అన్నాడు. "సూటు లేకుండా నిలబడే వెర్రివాడెవడ్రా?" అన్నాడు సారు. కుక్కల్ని చూసుకునే మనుషులు తలా ఒక పక్కకి చూశారు. "ఇంకెవరు? దొంగని పెట్టుకున్నది దేనికి?" అన్నాడు దొంగ.

ఆదివారం దాకా రోజూ మామూలు చొక్కాతో పిడుగు ముందుకి వెళ్ళాడు. అది తోక ఊపింది, చేతులు నాకింది. రాడ్డు తిప్పితే ఆటనుకుంది. "పట్టు" అంటే గోనె ఎక్కడుందా అని నాలుగు వైపులా వెతికింది. ఒక సాయంత్రం తిక్కరేగి దాని మెడపట్టీ పట్టుకుని గుంజి, "నన్ను చూడవే! నన్ను! గోనె కాదు!" అని అరిచి, అరిచి, దగ్గుతో కింద కూలబడ్డాడు. అది మొహం నాకింది. అప్పుడు ఏడ్చాడు.

సంగతి ఇంట్లో తెలిసింది. పెళ్ళాం గుడ్డ కత్తిరిస్తోంది. చేతిలో ఉన్న కత్తెర విసిరింది. అది అతని భుజం పక్కనుంచి పోయి తలుపులో గుచ్చుకుంది.

"నా తమ్ముడి బుర్ర పగులుతుంటే గోనె చింపుకున్న కుక్క కోసం నువ్వు చస్తావా? గీత పడితే చస్తావని డాక్టరమ్మ మొత్తుకుంది కదా! నన్ను ముండమోపిని చేసి ఆ కుక్కతో కాపురం చెయ్యి, పో!"

"చెడగొట్టింది నేను. చచ్చేది అదా?" అని అతను చేతిలో కంచం నేలకేసి కొట్టాడు. "నా ఒంట్లో ఉన్నవి ఎలాగూ పట్టడం లేదు. కళ్ళెదుట దొంగ మేస్తుంటే వాసన చూసి పోతున్నాయి. కనీసం ఇది పట్టడం చూడాలి నేను. ఒక్కటైనా పట్టాలి!"

వాళ్ళింట్లోనే కోలుకుంటున్న బామ్మర్ది మంచం మీంచి తలకట్టు సర్దుకుంటూ, "నన్నూ తీసుకెళ్ళు బావా" అన్నాడు. "ఆ రోజు కేకేసింది నేను. మళ్ళీ నేనే వేస్తాను."

ఆ రాత్రి ఆమె చొక్కా ఎడమచేతి లోపల పల్చటి తోలు పెట్టి కుట్టింది. బయటికి తెలియకుండా కుట్టింది. కుడుతున్నంతసేపూ తిడుతూనే ఉంది.

ఆదివారం ఆవరణలో గోదాము యజమాని, సారు, సూది పెట్టెతో పశువుల డాక్టరు, ముగ్గురూ కంచె అవతల నిలబడ్డారు, వాళ్ళకి కాస్త దూరంలో పెళ్ళాం. దొంగ కోరి మూలన ఒక గోనె బేలు పెట్టించాడు. మధ్యలో కుర్చీలో బామ్మర్ది. దొంగ ఎడమచేత్తో రాడ్డు పట్టుకుని లోపలికొచ్చాడు. పిడుగుని వదిలారు. ఎదురుగా తనకిష్టమైన మనిషి. తోక ఊపింది.

దొంగ రాడ్డెత్తాడు. "పట్టు!" అని బామ్మర్ది అరిచాడు.

పిడుగు లేచింది. సూటిగా గోనె వైపే పోయింది. పశువుల డాక్టరు పెట్టె మూత తీశాడు.

అప్పుడు దొంగకి కోపం నెత్తికెక్కింది. జరుగుతున్నది పరీక్ష అన్న సంగతే మర్చిపోయాడు. రాడ్డు కుడిచేతికి మార్చుకుని, గొంతు చీలేలా ఒక బూతు తిట్టి, బామ్మర్ది కుర్చీ చేతిమీద బలంకొద్దీ కొట్టాడు. కుర్చీ కర్ర రెండు ముక్కలై ఎగిరింది. ఒక ముక్క తగిలి బామ్మర్ది నుదుటి కుట్టు తెగింది, రక్తం కంట్లోకి దిగింది. అతను నిజంగానే భయపడిపోయి, ఆ రోజు అరిచిన గొంతుతోనే, "పిడుగూ... పట్టు!" అన్నాడు.

బేలుని పళ్ళతో పట్టుకోబోతున్న పిడుగు ఆగింది. గోనె వైపు చూసింది. రక్తం వైపు చూసింది. రాడ్డు మళ్ళీ పైకి లేస్తోంది. అది గోనెని వదిలేసి తిరిగింది.

వచ్చి పడ్డది తోలున్న చేతిమీద కాదు. రాడ్డున్న చేతిమీద. కుడి ముంజేతిలో పళ్ళు ఎముకదాకా దిగాయి. రాడ్డు జారిపోయింది. దొంగ వెల్లకిలా పడ్డాడు. అది తల విదిలించింది, చొక్కా చిరిగింది, చర్మమూ చిరిగింది, మట్టిలో ఎర్రటి చార పడింది. కంచె అవతల పెళ్ళాం కేక పెట్టింది. దొంగ నొప్పితో గింజుకుంటూనే మోకాళ్ళమీద లేచి, రెండు చేతులూ వేలాడేసి కొయ్యబారిపోయాడు.

అది వదల్లేదు. కళ్ళు పైకెత్తి అతని మొహంలోకే చూస్తూ పట్టుకునే ఉంది.

"లాగండ్రా దాన్ని!" అని సారు అరుస్తున్నాడు. "ఎవరూ రావద్దు!" అన్నాడు దొంగ. కళ్ళవెంట నీళ్ళు ధారలు కడుతున్నాయి. "వదలకురా నా తల్లీ... వదలకు..." ఆడకుక్కని 'రా' అంటూనే 'తల్లీ' అని కూడా అంటున్నాడని నవ్వే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

బామ్మర్ది కంట్లో రక్తం తుడుచుకుని, "వదులు" అన్నాడు. పిడుగు వదిలేసి వచ్చి అతని కాళ్ళ దగ్గర కూర్చుంది. పశువుల డాక్టరు పెట్టె మూసేశాడు.

ఆ తర్వాతి సంగతి అంత అందంగా ఏం లేదు. చెయ్యి కుండలా వాచింది. చీము పట్టింది. సోమవారం మందు ఎక్కించుకోవాల్సినవాడు జ్వరంతో సంధి మాటలాడుతూ ఐసీయూలో పడ్డాడు. డాక్టరమ్మ కడిగిపారేసింది. "మీరు చచ్చిపోతే నాకెంత కోపమొస్తుందో తెలుసా?" అంది. ప్రాణం పోయినట్టే పోయి వెనక్కొచ్చింది. రెండు వేళ్ళు మాత్రం మళ్ళీ ముడుచుకోలేదు. ఛాతీలో గడ్డ ఈలోగా ఊరికే కూర్చోలేదు, ఊపిరికి అడ్డం వచ్చేదాకా పెరిగింది.

జ్వరం దిగాక ఒక ఉదయం పెళ్ళాం వచ్చి కూర్చుంది. ఆమె చేతిమీద కుక్క వెంట్రుకలున్నాయి. అతను చూశాడు గానీ అడగలేదు.

"సూటు తగలబెట్టేశాను" అంది.

"సారు ఏమన్నాడు?"

"ఏమంటాడు? ఎక్కువ మాట్లాడితే నిన్నూ అందులో వేస్తానన్నాను. ఇకమీదట మామూలు చొక్కా లోపలే తోలు కుడతాను. వేసుకునేవాణ్ణి వాళ్ళు వెతుక్కుంటారు."

నర్సు వచ్చి కొత్త మందు సీసా తగిలించింది. చుక్కలు దిగడం మొదలైంది. కాసేపటికి అతనికి చలి పుట్టింది. పళ్ళు టకటక కొట్టుకున్నాయి, మంచం గజగజలాడింది. నర్సు పరిగెత్తుకొచ్చి చుక్కలు ఆపి, సూది వేసి, దుప్పట్లు కప్పి, కొందరికి ఇలా అవుతుందని చెప్పి, వణుకు తగ్గాక మళ్ళీ నెమ్మదిగా వదిలింది. పెళ్ళాం అతని ఎడమచెయ్యి రెండు చేతుల్తో పట్టుకుంది.

"ఏమవుతోంది లోపల?" అంది.

"ఏం తెలుస్తుంది... వాసన చూస్తున్నాయో, పోతున్నాయో" అన్నాడు. "పట్టమని చెప్పేవాళ్ళెవరున్నారు వాటికి?"

ఆమె అటూ ఇటూ చూసింది. పక్కమంచం ముసలాయన నిద్రపోతున్నాడు. ఆమె దుప్పటి తొలగించి, అతని ఛాతీకి దగ్గరగా వంగి, "పట్టు" అంది.

అతను కళ్ళు మూసుకునే ఉన్నాడు. "అలాక్కాదు" అన్నాడు. "బతిమాలుతున్నట్టుంది. అలా అంటే ఏ కుక్కా కదలదు. మళ్ళీ చెప్పు."

ఆమె గొంతు సర్దుకుని, మొగుడి చెయ్యి వదలకుండానే, ముసలాయన ఉలిక్కిపడి లేచేంత గట్టిగా మళ్ళీ చెప్పింది.